పోలమ్మ ఇచ్చేసిన పేర్లు

తాయారు ఆ పరిశోధనాలయంలో చేరిన నాలుగో నెలలో ఒకే ఒక్క మాటకు తెలుగు వెతకమని ఆమెకు చెప్పారు. ఆ మాట గాంగ్లియోసైడ్.

అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఆమె విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసింది. పత్రిక మూతపడింది. భీమిలి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న నాడీ పరిశోధనాలయం వాళ్ళు, రోగుల కుటుంబాలు సంతకాలు పెట్టే అంగీకార పత్రాలు తెలుగులో రాయడానికి మనిషి కావాలని ప్రకటన ఇస్తే వెళ్ళి చేరింది. రసాయన శాస్త్రం ఇంటర్మీడియట్‌తోనే వదిలేశానని ఇంటర్వ్యూలో దాచకుండా చెప్పింది. ప్రొఫెసర్ కృపావరం నవ్వి, తెలిసినవాళ్ళు రాస్తే తెలియనివాళ్ళకి అర్థం కావడం లేదు, అందుకే మిమ్మల్ని పిలిచాం అన్నాడు.

కొత్త పత్రం మొదటి పేజీలోనే ఆ మాట పదకొండుసార్లు ఉంది. తాయారు పదకోశాలు తిరగేసింది. ఒకదాంట్లో దాన్నే తెలుగు లిపిలో రాసి ఊరుకున్నారు. ఇంకోదాంట్లో ‘నాడీకణత్వచాగత శర్కరాయుత స్నిగ్ధ పదార్థం’ అని ఇచ్చారు. రెండుసార్లు పైకి చదువుకుంది. ఊపిరి అయిపోయింది గాని బుర్రలో ఏమీ మిగల్లేదు. లేచి ప్రొఫెసర్ దగ్గరికే వెళ్ళింది.

ఆయన ఏమీ చెప్పకుండా ఆమెను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఒక గాజుగొట్టం వెలుతురుకి ఎత్తి చూపించాడు. గొర్రె మెదడు నూరి, రెండు ద్రవాల్లో కలిపి, బాగా కుదిపి నిలబెట్టిన గొట్టం అది. పైన తేటగా నీళ్ళ పొర, కింద ఘాటు వాసన వేసే ఇంకో పొర. మామూలు కొవ్వులన్నీ కిందికి దిగిపోతాయనీ, ఈ కొవ్వు మాత్రం పై నీళ్ళలోకి వచ్చేస్తుందనీ, ఎందుకంటే దీనికి చక్కెర తోక ఉందనీ చెప్పాడు. కొవ్వు భాగం నరాల కణం పొరలో నాటుకుని ఉంటుంది. తోక బయటికి వేలాడుతుంది. పక్క కణం ఆ తోకని తడిమి గుర్తుపడుతుంది. మనం నేర్చుకున్నది మనలో నిలబడేది ఆ తడుములాట వల్లనేనట.

మరి ఆ పేరెలా వచ్చిందని తాయారు అడిగింది. మాట పుట్టుక తెలిస్తే గాని ఆమెకు ఆ మాట తనదైనట్టు అనిపించదు. గాంగ్లియాన్ అంటే గ్రీకులో ముడి లాంటి ఉబ్బు అని ఆయన చెప్పాడు. నరాల కణాలు గుత్తిగా ఉండే చోటుకి వైద్యులు ఆ పేరు పెట్టుకున్నారు. ఆ కణాల్లో దొరికిన చక్కెర కొవ్వు గనక గాంగ్లియోసైడ్.

తాయారు ఆ సాయంత్రం కాగితం మీద ‘ముడికొవ్వు’ అని రాసి, చాలాసేపు ఇష్టంగా చూసుకుంది.

ఆ పత్రం రాస్తున్నది ఒక్క కుటుంబం కోసం. జాలరిపేటలో ఉండే ఎల్లాజీ, నూకరత్నం దంపతులకి లాస్య అని పధ్నాలుగు నెలల పాప ఉంది. ఆరో నెల దాకా అందరు పిల్లల్లాగే పెరిగింది. తర్వాత చిన్న చప్పుడైనా చేతులు రెండూ బారచాపి ఉలిక్కిపడటం మొదలుపెట్టింది. గిన్నె మూత పడినా, కుక్క మొరిగినా, ఎవరైనా తుమ్మినా అంతే. మెడ నిలబడింది కాస్తా వాలిపోయింది. బొమ్మని చూసి నవ్వడం మానేసింది. కళ్ళ డాక్టరు లోపలికి దీపం వేసి చూసి, కంటి వెనక ఎర్రటి చుక్క ఉందని, వెంటనే ఇక్కడికి పంపించాడు.

ఆ చక్కెర కొవ్వు ఒంట్లో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, పాతది కరుగుతూనే ఉండాలి. కరిగించే ఎంజైమ్ లాస్య ఒంట్లో లేదు. దాంతో అది నరాల కణాల్లో పేరుకుపోయి వాటిని ఉబ్బేసి చంపేస్తోంది. అలా పుట్టిన పిల్లలు నాలుగైదేళ్ళు దాటి బతకడం అరుదు. ఎల్లాజీకి నూకరత్నం మేనత్త కూతురు. లోపం ఎల్లాజీ తండ్రి వైపు రక్తంలో సగం సగంగా దాగి ఉండి, ఇద్దరి నుంచీ వచ్చి ఈ పాపలో కలిసింది. ఎవరి తప్పూ కాదని కృపావరం వాళ్ళకి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నూకరత్నం తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. అంతకుముందు దాకా ఆమె నేల మీంచి చూపు తిప్పలేదు.

ఎంజైమ్‌ని సూదిలో ఎక్కిస్తే చాలు గదా అంటే, రక్తానికీ మెదడుకీ మధ్య ఒక గోడ ఉంది. అది ఎంజైమ్‌ని లోపలికి పోనివ్వదు. కృపావరం ఇరవై ఆరేళ్ళు ఆ గోడ ముందే గడిపాడు. చివరికి ఆయనా ఆయన శిష్యులూ కలిసి ఒక రకం కణాలను తయారుచేశారు. అవి ఎంజైమ్‌ని మోసుకుని గోడ దాటతాయి. పల్లకీ మోసేవాళ్ళలా మోస్తాయి గనక ల్యాబ్‌లో అందరూ వాటిని బోయీలు అనేవాళ్ళు. అయితే ఆ బోయీలకి దారి తెలియదు. గాజుపాత్రలో ఎంత పెంచినా నేర్చుకోలేదు. దగ్గరి బంధువు ఒకరి ఆరోగ్యమైన మెదడులో నలభై రోజులు తిరిగితేనే నేర్చుకుంటాయి. తర్వాత వాటిని ఆ మనిషి రక్తం నుంచి వడగట్టి పాపకి ఎక్కించాలి.

తల్లిదండ్రుల్లో లోపం సగం ఉంది గనక వాళ్ళు పనికిరారు. పరీక్షలు చేయగా పనికొచ్చే మనిషి ఒక్కరే తేలింది. ఎల్లాజీ తల్లి పోలమ్మ. ఆమె వేరే ఇంటి నుంచి వచ్చిన కోడలు గనక ఆమె రక్తంలో ఆ లోపం లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుతూనే చేపల వేలం పాడుతుంది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది.

పత్రాన్ని పరిశీలించే కమిటీలో తాయారు రాసిన ముడికొవ్వు మొదటి ఐదు నిమిషాల్లోనే పడిపోయింది. కమిటీలో ఉన్న లాయరు, ముడి చమురు, ముడి బియ్యం అన్నట్టుగా దీన్ని శుద్ధి చెయ్యని కొవ్వు అనుకుంటారమ్మా అన్నాడు. అది నిజమే. తాయారు తన మీద తనే నవ్వుకుని ఆ మాట కొట్టేసి, ‘నరాల పొరలో ఉండే కొవ్వు’ అని రాసింది. అందరూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నాలుగో పేజీ వచ్చింది. అందులో ‘దాతకు స్వల్ప నామ విస్మృతి సంభవించవచ్చు’ అని ఒక వాక్యం ముందే ఎవరో రాసి పెట్టారు. దీని అర్థమేమిటని తాయారు అడిగింది. మర్చిపోవడమేనని ఒకాయన అన్నాడు. ఎంత, ఏమిటి, ఎన్నాళ్ళు అని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పలేదు. కృపావరం కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సమావేశం అయ్యాక ఆయనే ఆమెను వెనక గొర్రెల కొట్టం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రోగంతో పుట్టిన గొర్రెపిల్లల మీదే బోయీలను మొదట పరీక్షించారు. పిల్లలు బాగుపడ్డాయి. వాటికి బోయీలను నేర్పించి ఇచ్చిన తల్లి గొర్రెల సంగతి కొట్టం చూసుకునే ముసలాయన చెప్పాడు. ఏడో నంబరు గొర్రె పదకొండు రోజులు తన పిల్లని దగ్గరికి రానివ్వలేదట, కొమ్ముల్లేని తలతో తోసేసేదట. పన్నెండో రోజున పాలిచ్చింది. ఇప్పటికీ పిల్ల అరిస్తే మాత్రం తలెత్తదు. దగ్గరికొచ్చి వాసన చూస్తేనే గుర్తుపడుతుంది.

దారి నేర్చుకునే నలభై రోజులూ బోయీలు ఊరికే ఉండవని కృపావరం చెప్పాడు. ఎక్కువైన కొవ్వునే కరిగించమని వాటికి నేర్పడం తమకు చేతకాలేదు. ఆరోగ్యంగా ఉన్న మెదడులో అవసరమైన కొవ్వునే కరిగిస్తాయి. మనిషిలో అవి మొదట దిగేది ఎడమ కణత వెనక. పేర్లన్నీ ఉండేది ఆ చుట్టుపక్కలే. సగం పోవచ్చు, అన్నీ పోవచ్చు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇంతవరకూ ఏ మనిషి మీదా ఇది జరగలేదు.

“గొర్రె సంగతి పత్రంలో రాయకండి, తాయారుగారూ” అన్నాడాయన. “ఆమె భయపడి వద్దంటే ఆ పాపకి ఇంకో దారి లేదు. మా చెల్లెలి కొడుకు ఈ రోగంతోనే పోయాడు. అప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. వాడు ఉలిక్కిపడ్డప్పుడల్లా నేనే ఎత్తుకునేవాణ్ణి.”

తాయారుకి ఆయన మీద కోపం రాలేదు. ఆ కుదుపు ఆయన చేతుల్లో ఇంకా ఉన్నట్టే ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళు డెస్కులో కూర్చుని, పెద్ద మాటల వెనక చిన్న నిజాలు దాక్కోవడం ఆమె చాలా చూసింది. నామ విస్మృతి అని రాసి పోలమ్మ చేత వేలిముద్ర వేయించలేను, కావాలంటే ఈ పని ఇంకొకరికి ఇవ్వండి అని చెప్పింది. ఆయన కొట్టం తలుపు గడియ వేశాడు. చివరికి, మీరే వెళ్ళి చెప్పండి, నేను ఆ గదిలో ఉండలేను అన్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి తాయారు జాలరిపేట వెళ్ళింది. పోలమ్మ అప్పుడే హార్బరు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. ఎత్తైన మనిషి, గొంతు పెద్దది. అయితే ఆ ఇంట్లో అందరిలాగే ఆమె కూడా గుసగుసగా మాట్లాడుతోంది, పాప ఉలిక్కిపడుతుందని. లోపల నూకరత్నం పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఎల్లాజీ తాయారుకి కుర్చీ తెచ్చి, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

తాయారు మొదట గాంగ్లియోసైడ్ అనే ఆ మాట గురించే చెప్పింది, తను పెట్టిన ముడికొవ్వు సంగతితో సహా. ముడి అనే అర్థం ఎలా వచ్చిందో చెబితే పోలమ్మ పక్కన పడి ఉన్న పాత వల మీద చెయ్యి వేసి, ఒక ముడిని వేలితో తిప్పుతూ విన్నది. పేరులో గంగమ్మ కూడా ఉన్నట్టుందే అని నవ్వింది. తర్వాత తాయారు కొవ్వు ఏం చేస్తుందో, పాపలో ఎందుకు ఎక్కువైందో, బోయీలు పోలమ్మ తలలో నలభై రోజులు ఏం చేస్తాయో చెప్పింది. ఏడో నంబరు గొర్రె సంగతీ చెప్పింది. ఏదీ తగ్గించలేదు. 

పోలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

“గొర్రి మళ్ళీ పిల్లకి పాలిచ్చిందా?”

“ఇచ్చిందండి. పన్నెండో రోజున.”

“మరేటి” అంది పోలమ్మ. వలని పక్కకి జరిపి, “పేర్లే గదా పోయేవి. మనుసులు పోరు గదా” అంది.

పోరనే అనుకుంటున్నారనీ, కచ్చితంగా ఎవరికీ తెలియదనీ, ఇది జరగబోయే మొదటి మనిషి ఆమేననీ తాయారు చెప్పింది. పోలమ్మ లోపలికి తొంగిచూసింది. కోడలు తలెత్తలేదు, కానీ పాప వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. వద్దని ఎల్లాజీ ఏదో అనబోయాడు. తల్లి అతని వైపు చూసేసరికి మానుకున్నాడు.

పోవడం ఎప్పుడు మొదలవుతుందని పోలమ్మ అడిగింది. బోయీలను ఎక్కించిన పది రోజుల దాకా ఏమీ తెలియదని, తర్వాత ఒక్కొక్కటే పోతాయని ప్రొఫెసర్ అంచనా అని తాయారు చెప్పింది.

“అయితే పది రోజులున్నాయన్నమాట” అని పోలమ్మ లేచి నిలబడింది. “ఒలే నూకా, సూదేసిన కాడ్నించి నాతోటి హార్బరుకి రా. పిల్లగుంటని ఆడు సూసుకుంటాడు.”

తర్వాత ఏ పేజీలో ఎక్కడ వేలిముద్ర వెయ్యాలో చూపించమంది.

బోయీలను ఎక్కించాక ఆ పది రోజులూ పోలమ్మ ఏం చేసిందో తాయారు దగ్గరుండి చూసింది. రోజూ పొద్దున ఆమెకు వంద బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాల్సిన పని తాయారుదే. ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన బొమ్మల్లో గిటారు, మంచు మనిషి, ఇగ్లూ ఉన్నాయి. తాయారు వాటిని తీసేసి, పేటలో మనుషుల ఫోటోలు, చేపలు, పడవలు, ఇంటి సామాను పెట్టి కొత్త కట్ట తయారుచేసుకుంది. మొదటి రోజు పోలమ్మ వందకి వంద చెప్పింది.

ఎల్లాజీ వేటకి వెళ్ళడం మానేసి పాపని చూసుకున్నాడు. తెల్లవారుజామునే అత్తాకోడళ్ళు హార్బరుకి పోయేవారు. పడవల నుంచి చేపలు దిగి నేల మీద కుప్పలు పడగానే పోలమ్మ ఒక్కొక్కటే చేతికెత్తి, కోడలి భుజం మీద తట్టి పేరు చెప్పేది. వంజరం, చందువ, పండుగొప్ప, సావడాయి, గులివింద. మొప్పలెత్తి చూడటం, కళ్ళు చూడటం, ఏ పడవ వాళ్ళు కింద పాతవి పెట్టి పైన కొత్తవి పోస్తారో, ఎవరి పాటకి ఎంత ఆగాలో అన్నీ చెప్పింది. నూకరత్నం నెమ్మది మనిషి. నలుగురిలో గొంతెత్తి ఎరగదు. ఇంట్లో ఎనిమిది నెలలుగా గుసగుసలే మాట్లాడి ఆ గొంతు ఇంకా అణిగిపోయింది. మూడో రోజు పోలమ్మ ఆమెను కుప్ప ముందు నిలబెట్టి తను పక్కకి తప్పుకుంది. ఐదో రోజుకి ఆమె పాట అవతలి గట్టు దాకా వినిపించింది.

మధ్యాహ్నాలు పోలమ్మ పేటలో తిరిగేది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఆ ఇంట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేది. ఏటమ్మా అని వాళ్ళు బయటికి వస్తే, ఏటీ లేదు, ఊరికే పిలిసినాను అని నవ్వి పక్కింటికి పోయేది. మొదట్లో నవ్వుకున్నారు. సంగతి తెలిశాక, ఆమె వచ్చే వేళకి జనం పనులు ఆపుకుని గుమ్మాల్లో నిలబడటం మొదలుపెట్టారు.

ఎనిమిదో రోజున, బొమ్మలన్నీ అయ్యాక, పోలమ్మ తాయారు చెయ్యి పట్టుకుంది.

“మా ఆయన పేరు నానెప్పుడూ నోటితో అన్లేదమ్మా. పెళ్ళాం అనకూడదు గదా. పోయేముందు ఓపాలి అననీ.”

తాయారు అనమంది. పోలమ్మ సముద్రం వైపు తిరిగి, “గురువులు” అంది. మళ్ళీ ఇంకోసారి, ఈసారి వేలం పాడే గొంతుతో, పడవలో ఉన్న మనిషిని పిలిచినట్టుగా పిలిచింది. లోపల పాప ఉలిక్కిపడి ఏడ్చింది. పోలమ్మ నాలుక్కరుచుకుని లోపలికి పరుగెత్తింది. తాయారు ఆ రోజు కాగితంలో ఆ పేరు రాసుకుంది, లెక్కలోకి రాకపోయినా.

పదమూడో రోజున ఆరు బొమ్మల పేర్లు పోయాయి. మర్నాడు పదకొండు. ముందు అరుదుగా వాడేవి పోయాయి, తర్వాత రోజూ వాడేవీ పోయాయి. వస్తువేమిటో, మనిషెవరో, వాళ్ళు తనకేం చేశారో, తను వాళ్ళకేం చేసిందో అంతా తెలుసు. మాట మాత్రం రాదు. పంతొమ్మిదో రోజున తాయారు హార్బరుకి వెళ్ళింది. పోలమ్మ ఒక పెద్ద చేపని తోక పట్టి ఎత్తి నోరు తెరిచింది. ఏమీ రాలేదు.  పక్కనున్న నూకరత్నం, వంజరం అంది, చిన్నగా కాదు, గట్టిగానే. పోలమ్మ తలూపి పాట మొదలుపెట్టింది. పేరు కోడలు చెప్పేది, పాట అత్త పాడేది. ఆ రోజు ఆ కుప్ప దగ్గర ఎవరూ బేరమాడలేదు.

ముప్పై ఒకటో రోజున ఎల్లాజీ ఫోటో చూపిస్తే, నా కొడుకు, అంది పోలమ్మ. పేరు అడిగితే ఫోటోని చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చుంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న ఎల్లాజీ లోపలికి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడవకురా అని ఆమె అతని తల నిమిరింది. నలభయ్యో రోజుకి వంద బొమ్మల్లో ఆమె పేరు చెప్పగలిగినవి తొమ్మిది. మనవరాలి పేరు ఆ తొమ్మిదిలో లేదు.

నలభై ఒకటో రోజున పోలమ్మ రక్తం నుంచి బోయీలను వడగట్టి, మందిచ్చి లోపల మిగిలినవాటిని ఆపేశారు. మర్నాడు లాస్యకి ఎక్కించారు.

మూడు వారాలు ఏ తేడా కనిపించలేదు. కృపావరం తిండి మానేసి వార్డు చుట్టూ తిరిగాడు. తాయారుకి పోలమ్మ ముఖం చూడాలంటే బెదురుగా ఉండేది. ఇంత ఇచ్చాక ఇది పని చెయ్యకపోతే ఏ మాటలతో చెప్పాలి. అలాంటి మాటలు ఏ పదకోశంలోనూ లేవు.

పాపకి ఎక్కించిన ఇరవై మూడో రోజు మధ్యాహ్నం వరండాలో వంటామె చేతిలోంచి స్టీలు పళ్ళెం జారి గచ్చు మీద పడింది. నూకరత్నం అలవాటుగా పాపని గుండెకి అదుముకుంది. పాప ఉలిక్కిపడలేదు. చేతులు బారచాపలేదు. చప్పుడు వచ్చిన వైపు తల తిప్పింది, అంతే. నూకరత్నం కదలకుండా కొద్దిసేపు చూసింది. తర్వాత వరండాలోకి వచ్చి, ఆ పళ్ళెం ఇంకోపాలి పడీమ్మా అని వంటామెను అడిగింది. వంటామె భయం భయంగా పడేసింది. మళ్ళీ అంతే. అప్పుడు నూకరత్నం గోడకి జారబడి కూర్చుని ఏడ్చింది. కృపావరం తన గదిలోంచి పరుగున వచ్చి, ఆ పళ్ళెం తనే తీసుకుని ఇంకోసారి పడేశాడు. పాప మంచం పక్కనున్న పోలమ్మ ఆయన్ని చూసి నవ్వుతూనే ఉంది.

లాస్య పూర్తిగా మామూలు పిల్ల అవుతుందని ఎవరూ చెప్పలేదు. పోయిన కణాలు పోయాయి. కళ్ళకి వెలుతురూ, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి, అంతకన్నా తెలియదు. కానీ మెడ నిలబడింది. ఆరు నెలలకి గోడకి ఆనుకుని కూర్చుంది. రోగం ఆగిపోయిందని పరీక్షలన్నీ చెప్పాయి.

పోలమ్మకి అన్నం, నీళ్ళు, గొడుగు వంటి పేర్లు కొన్ని తిరిగొచ్చాయి. మనుషుల పేర్లు, చేపల పేర్లు రాలేదు.

తాయారు రెండో కుటుంబం కోసం పత్రం తిరగరాసింది. నామ విస్మృతి తీసేసింది. దాని బదులు ఇలా రాసింది: ‘మీకు తెలిసిన పేర్లు చాలావరకు పోతాయి. తిరిగి రాకపోవచ్చు. మొదటి పది రోజులు అవి మీ దగ్గరే ఉంటాయి. ఎవరికి ఏం చెప్పుకోవాలో, ఏం నేర్పాలో ఆ రోజుల్లో చేసుకోండి.’ కమిటీ ఈసారి ఏ మార్పూ లేకుండా ఒప్పుకుంది. కృపావరం మొదటి సంతకం పెట్టాడు.

ఏడాది తర్వాత ఒక ఆదివారం పొద్దున కృపావరం, తనతో జాలరిపేట రమ్మని తాయారుని అడిగాడు.  పేట మొదట్లో ఇల్లు ఎటని అడిగితే ఒకామె, ముడికొవ్వు పోలమ్మ ఇల్లా, రండి, అని ముందు నడిచింది. కమిటీలో చెల్లని మాట పేటలో చెల్లింది. తాయారు ఆ రోజు గుమ్మంలో చెప్పింది నోటా నోటా పాకింది కాబోలు. పోలమ్మ ఇచ్చింది ముడికొవ్వు కాదనీ, బోయీలు అనీ, ముడికొవ్వు పోగొట్టుకున్నదనీ కృపావరం దిద్దబోయాడు. దారి చూపిస్తున్నామె ఓపిగ్గా విని, అదే బాబూ, ఇచ్చింది గదా అంది. ఆయన ఆమె వెనక నడిచాడు.

నూకరత్నం అప్పుడే హార్బరు నుంచి వచ్చింది. వేలం ఇప్పుడు ఆమెదే. గొంతు కాస్త బొంగురుపోయి ఉంది. పాప చాప మీద కూర్చుని డబ్బా మూతతో నేలని బాదుతోంది. ఆ ఇంట్లో ఎవరూ గుసగుసలాడటం లేదు. పోలమ్మ ఇద్దరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. కృపావరం రెండు ముద్దలు తిని, కంచం ముందు చేతులు జోడించాడు. నన్ను క్షమించండి, గొర్రె సంగతి మీకు చెప్పొద్దన్నది నేనే, పేర్లు తిరిగొస్తాయని నాకు ఎక్కడో ఆశ ఉండేది అన్నాడు.

పోలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కంచంలో పెట్టింది.

“తిను బాబూ. నువ్వు నా గుంటని నిలబెట్టినావు. నీకు నానేటి సెప్పాల?” తర్వాత తాయారు వైపు తిరిగింది. పేరు కోసం ఒక్క క్షణం వెతికి, వదిలేసింది. “ఈయమ్మ నాకు పది రోజులిచ్చింది. సెప్పకుండా సూదేసుంటే అన్నీ నా నోట్లోనే ఉండి పోయేవి. ఏదీ ఎవులికీ ఇచ్చుండేదాన్ని కాదు. ఇప్పుడు సేపలన్నీ నా కోడలి కాడున్నాయి. మా ఆయన నీ కాడున్నాడు గదమ్మా, రాసుకున్నావు.”

తాయారు ఎన్నేళ్ళు ఎన్ని వేల వాక్యాలు దిద్దిందో, ఏ వాక్యానికీ ఎవరూ ఆమెకు ఇలా కృతజ్ఞత చెప్పలేదు. పేరు చెప్పమంటారా అని అడిగింది. చెప్పు అంది పోలమ్మ. తాయారు చెప్పింది. పోలమ్మ కళ్ళు మూసుకుని ఆ నాలుగక్షరాల పేరుని కొత్త పాటలా విని, బావుందమ్మా అంది.

అంతలో పాప మూత దూరంగా విసిరేసింది. పోలమ్మ లేచి, “ఒలే” అని పిలిచింది. పేరు గుర్తుండదు గనక ఏడాదిగా ఆమె పిలుపు అదొక్కటే. పాప గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి, చేతులు చాపి, “ఒలే” అంది.

నెల్లాళ్ళుగా దానికి వచ్చిన మాట అదొక్కటేనని నూకరత్నం సిగ్గుపడుతూ చెప్పింది. అమ్మ అనదు, నాన్న అనదు. నానమ్మని నానమ్మ అని పిలవమని ఎంత నేర్పినా ఎక్కలేదట.

పోలమ్మ పాపని చంకనేసుకుంది.

“మానండే, నేర్పకండి. నాకూ అదొక్కటే గుర్తుంటాది.”